సాంకేతిక వీక్షణం: అంకెలలో రాళ్లు ఏరడం

2011 జనగణన ప్రకారం తెలంగాణ రాష్ట్ర జనాభా ఎంత? ఈ ప్రశ్నకు ప్రభుత్వ ప్రచురణలలోనే రెండు సమాధానాలు లభిస్తాయి. ఒకటి 3,51,93,978, మరొకటి 3,50,03,674. ఆంధ్రప్రదేశ్ విషయంలోనూ ఇదే పరిస్థితి. ఒకచోట 4,93,86,799 అనీ, వేరొకచోట 4,95,77,103 అనీ కనిపిస్తుంది. పోటీ పరీక్షలకు చదువుతున్న పిల్లలున్న ఇళ్ళలో ఈ సంఖ్యల మీద వాదోపవాదాలు ఇదివరకే జరిగి ఉంటాయి. వీటిలో ఏది ఒప్పు, ఏది తప్పు?

రెండూ ఒప్పే. 2011లో తెలంగాణ రాష్ట్రం లేదు. నాటి ఉమ్మడి రాష్ట్రంలోని పది తెలంగాణ జిల్లాల జనాభాను కూడితే మొదటి సంఖ్య వస్తుంది. 2014లో, పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా, ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలు, కొన్ని పూర్తిగా, కొన్ని పాక్షికంగా, ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. ఆ గ్రామాల జనాభాను తీసివేస్తే రెండవ సంఖ్య వస్తుంది. తెలంగాణ సంఖ్యల మధ్య భేదం 1,90,304. ఆంధ్రప్రదేశ్ సంఖ్యల మధ్య భేదమూ సరిగ్గా 1,90,304. ఏ జతను తీసుకొని కూడినా మొత్తం 8,45,80,777. అదే ఉమ్మడి రాష్ట్రపు జనాభా. ఒక జతలోని సంఖ్యను వేరొక జతలోని సంఖ్యతో కలిపితే మాత్రం, దాదాపు రెండు లక్షల మంది రెండు రాష్ట్రాలలోనూ ఉన్నట్లో, ఏ రాష్ట్రంలోనూ లేనట్లో లెక్క తేలుతుంది.

బాయిలర్ల దగ్గర పనిచేసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. లోపలికి పోయిన నీరెంతో, ఆవిరిగానో, బ్లోడౌన్‌గానో, లీకేజీగానో బయటికి వచ్చిన నీరు అంత ఉండాలి. లేనిచో ఎక్కడో ఒక మీటరు అబద్ధమాడుతున్నదని అర్థం. గడచిన సంచికలో పంపుల సామర్థ్యాన్ని గురించి ముచ్చటించుకున్నాం. ఈ మాసం యంత్రాలను కాసేపు పక్కనబెట్టి, వ్యాపార నిర్ణయాలకు ఆధారంగా వాడే బహిరంగ గణాంకాలను ఎలా సేకరించాలో, సేకరించిన పిదప వాటిని ఎలా శుద్ధి చేయాలో చూద్దాం. గణాంక విభాగంలో పనిచేయని నాకు ఈ విషయంతో పనేమిటని కొందరు అడుగవచ్చు. సేవాకేంద్రం ఎక్కడ పెట్టాలి, విడిభాగాల నిల్వ ఎంత ఉండాలి, ఏ సామర్థ్యం గల మోటార్లు ఏ ప్రాంతంలో అమ్ముడవుతాయి అన్న ప్రశ్నలన్నీ చివరికి ఇంజనీరు బల్ల మీదికే వస్తాయి. వాటి మీద ఖర్చయ్యే డబ్బు ప్రజలది.

నేను ఉద్యోగంలో చేరిన 1990ల తొలినాళ్ళలో ఒక జిల్లా గణాంకాలు కావాలంటే హైదరాబాదులోని అర్థ గణాంక శాఖ వారి ప్రచురణల కోసం మనిషిని పంపవలసి వచ్చేది. పుస్తకం దొరికితే అదృష్టం. దొరికినా అది మూడేళ్ళ నాటిది. 2012లో కేంద్ర ప్రభుత్వం జాతీయ దత్తాంశ భాగస్వామ్య విధానాన్ని ప్రకటించింది. అదే సంవత్సరం బహిరంగ దత్తాంశాల వేదికను కూడా నెలకొల్పింది. నేడు వ్యవసాయ మార్కెట్ల ధరలు, కంపెనీల నమోదు వివరాలు, ఎగుమతి దిగుమతుల పట్టికలు, విద్యుదుత్పత్తి నివేదికలు, చిన్న నీటిపారుదల గణనలు కూర్చున్నచోటనే లభిస్తున్నాయి. కావున కొరత ఇప్పుడు అంకెలది కాదు. బియ్యం బస్తా ఇంటికి చేరింది. చేటలో పోసి చెరిగి, రాళ్లు ఏరిన తరువాతనే ఎసట్లో పోయాలన్న సంగతిని మరచిపోతున్నాం. ఈనాటి సంచి బియ్యంలో రాళ్లు కనబడవు కనుక ఇంట్లోనూ ఆ అలవాటు పోయిందనుకోండి.

ఒక ఉదాహరణను తీసుకుందాం. వ్యవసాయ పంపుల వ్యాపారంలో ఉన్న సంస్థకు చిన్న నీటిపారుదల గణన పెన్నిధి వంటిది. ఏ గ్రామంలో ఎన్ని బావులు, ఎన్ని గొట్టపుబావులు, అవి విద్యుత్తుతో నడుస్తున్నాయా, డీజిలుతో నడుస్తున్నాయా అన్న వివరాలు అందులో ఉంటాయి. అయిదవ గణన 2013-14 సంవత్సరానికి, ఆరవ గణన 2017-18 సంవత్సరానికి జరిగింది. రెంటినీ పక్కపక్కన పెట్టి ఏ జిల్లాలో వృద్ధి ఉన్నదో, ఏ జిల్లాలో క్షీణత ఉన్నదో చూడాలన్న కోరిక సహజం. కొంతకాలం క్రితం ఒక యువ ఇంజనీరు అటువంటి పట్టికనే తయారుచేసి, రంగుల గీతలతో సహా నా ముందు పెట్టాడు. అందులో ఆదిలాబాదు గీత నిట్టనిలువుగా పాతాళానికి పోతున్నది. వరంగల్లు సంగతీ అంతే. "అక్కడ భూగర్భజలాలు అడుగంటిపోయాయేమో సార్!" అన్నాడు.

అడుగంటినది జలాలు కాదు, జిల్లా. 2016 అక్టోబరు 11న తెలంగాణలోని పది జిల్లాలు ముప్ఫై ఒకటి అయ్యాయి. పాత ఆదిలాబాదు నుంచి ఆదిలాబాదు, మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాదు అనే నాలుగు జిల్లాలు ఏర్పడ్డాయి. పేరు పాతదే, నేల మాత్రం పాత జిల్లాలో ఒక ముక్క. వరంగల్లు కథ ఇంకా చిక్కైనది. 2016కు ముందు వరంగల్లు ఒక పెద్ద జిల్లా. ఆ తరువాత వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని రెండు వచ్చాయి. కొన్ని భాగాలు ఇతర కొత్త జిల్లాలకు పోయాయి. 2021 ఆగస్టులో అర్బన్ జిల్లా హనుమకొండగానూ, రూరల్ జిల్లా వరంగల్లుగానూ పేర్లు మార్చుకున్నాయి. అనగా 2015 నాటి పట్టికలోని వరంగల్లు, 2018 నాటి పట్టికలోని వరంగల్ అర్బన్, 2022 నాటి పట్టికలోని వరంగల్లు మూడు వేర్వేరు భూభాగాలు. కంప్యూటరుకు ఈ సంగతి తెలియదు. పేరు కలిస్తే చాలు, వరుసలను అతికించివేస్తుంది. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట జిల్లాలు చేరి సంఖ్య ముప్ఫై మూడైంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వేరుపడ్డాయి.

దీనికి విరుగుడేమిటి? జిల్లా స్థాయి నుంచి కిందికి దిగడమే. మండలం దగ్గర ఆగుదామంటే, 2016లో మండలాల సంఖ్య కూడా 459 నుంచి 584కు పెరిగింది. రెవెన్యూ గ్రామం మాత్రం సాధారణంగా స్థిరంగా ఉంటుంది. 2011 జనగణనలో ప్రతి గ్రామానికీ ఆరంకెల సంకేతం ఇచ్చారు. పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ వారి స్థానిక ప్రభుత్వ డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ, మండలానికీ, జిల్లాకూ ప్రత్యేక సంఖ్య ఉన్నది. ఈ రెంటినీ కలిపే ఒక సమన్వయ పట్టికను తయారుచేసుకొని, గ్రామాల అంకెలను కూడుకుంటూ పైకి వస్తే, పాత జిల్లా సరిహద్దుల్లో కావాలన్నా, కొత్త సరిహద్దుల్లో కావాలన్నా నిజమైన పోలిక సాధ్యమవుతుంది. నాలుగు కొత్త జిల్లాలను కలిపితే పాత జిల్లా వస్తుందిలే అన్న అడ్డదారి అన్నిచోట్లా పనిచేయదు. సిద్దిపేట జిల్లాలో పాత మెదక్, కరీంనగర్, వరంగల్ మూడింటి భాగాలూ ఉన్నాయి.

ఆ యువకుడు మూడు వారాలు శ్రమించి ఆ పట్టికను తయారుచేశాడు. పాతాళానికి పోయిన గీతలు రెండూ పైకి వచ్చాయి. వాటితో వ్యాపార విభాగం వారు ఏం చేశారన్నది వేరే కథ.

పేర్ల విషయంలో మరొక చిక్కు ఉన్నది. మన ఊర్ల పేర్లను ఆంగ్లాక్షరాలలో రాయడానికి ఎవరి పద్ధతి వారిది. రంగారెడ్డి ఒకచోట ఒకే పదం, మరొకచోట రెండు పదాలు, ఇంకొకచోట ముందు కె.వి. అన్న అక్షరాలతో సహా ఉంటుంది. నెల్లూరు ఒక పట్టికలో ఒంటరిగా ఉంటే, 2008 తరువాతి పట్టికలలో పొట్టి శ్రీరాములు గారి పేరు ముందు చేరి, అదీ ఒకచోట పూర్తిగా, మరొకచోట పొడి అక్షరాలుగా కనిపిస్తుంది. కడప 2005కు ముందు వేరే వర్ణక్రమంలో ఉండేది, 2010లో వై.ఎస్.ఆర్. జిల్లా అయింది. దీర్ఘానికి ఒకరు ఒక అక్షరం రాస్తారు, మరొకరు రెండు రాస్తారు. గ్రామాల స్థాయిలో ఈ గందరగోళం వందరెట్లు. ఒకే మండలంలో కొత్తపల్లి, కొత్తపల్లె, కొత్తపేట ఉంటే, అక్షరాల పోలికను బట్టి జతపరిచే ప్రోగ్రాము మూడింటినీ ఒకటిగా తేల్చడానికి ఏమాత్రం సంకోచించదు. అందువలన పేరును ఆధారంగా కాక, సంకేత సంఖ్యను ఆధారంగా జతపరచాలి. సంఖ్య లేనప్పుడు పేరుతో జతపరిచి, ఆ ప్రాంతం తెలిసిన మనిషి చేత చూపించాలి. మన విక్రయ ప్రతినిధులకు తెలిసినంతగా ఏ ప్రోగ్రాముకూ ఊర్లు తెలియవు.

తెలుగులో వెలువడిన పత్రాల ఇబ్బంది వేరు. చాలాకాలం మన కార్యాలయాలలో అను అక్షరాలతో టైపు చేసేవారు. పీడీఎఫ్‌లో చూస్తే అందమైన తెలుగు. అందులోని పట్టికను తీసి స్ప్రెడ్‌షీట్‌లో పెడితే అర్థంకాని గుర్తుల వాన. యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలున్నా, వాటి తరువాత కళ్ళతో సరిచూసుకోక తప్పదు.

ఇక అంకెల విషయం. మిర్చి ఎగుమతుల వివరాలు కావాలంటే సరకుల వర్గీకరణలో ఎండుమిర్చికి కేటాయించిన 090421 అన్న సంకేతాన్ని వెదకాలి. స్ప్రెడ్‌షీట్ దీనిని పరిమాణమని భావించి ముందున్న సున్నాను మింగివేసి 90421 చేస్తుంది. ఆ పిదప ఏ పట్టికతోనూ అది కలవదు. సుగంధద్రవ్యాలు, తేయాకు, కాఫీ ఉన్న తొమ్మిదవ అధ్యాయమే కాక, మొదటి తొమ్మిది అధ్యాయాలకూ ఈ గతే పడుతుంది. సంకేతమంటే అంకెల దుస్తులు తొడుక్కున్న పేరు. దానిని కూడము, తీసివేయము. కావున దిగుమతి చేసుకునేటప్పుడే అక్షరరూపంగా తీసుకోవాలి. తేదీలదీ ఇదే తీరు. 3/4/2022 అంటే మనకు ఏప్రిల్ 3. అమెరికా పద్ధతిలో అమర్చిన యంత్రానికి మార్చి 4. పన్నెండు దాటిన తేదీలు సక్రమంగానే కనిపిస్తాయి కనుక తప్పు వెంటనే బయటపడదు.

కొలమానాల సంగతి ఇంజనీర్లకు చెప్పనక్కర లేదనుకుంటాం గానీ, చెప్పవలసే వస్తున్నది. విద్యుత్ నివేదికల్లోని మిలియన్ యూనిట్లంటే పది లక్షల యూనిట్లు. పత్రికల్లోని కోట్లతో దానిని పోల్చేటప్పుడు పదింతల తేడా చొరబడుతుంది. మన దేశంలో దూది బేలు 170 కిలోలు. అమెరికా వారి బేలు 480 పౌన్లు, అంటే సుమారు 218 కిలోలు. బేళ్ల లెక్కన రెండు దేశాలనూ పోల్చినవాడు నాలుగో వంతుకు పైగా తేడాతో మాట్లాడుతున్నాడన్నమాట. సంవత్సరమన్న మాటకు కూడా ఒకే అర్థం లేదు. ఖాతాల సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. పత్తి, చక్కెర సీజన్లు అక్టోబరులో. కృష్ణా జలాల లెక్కలో నీటి సంవత్సరం జూన్‌లో. 2021-22 అని శీర్షిక కనబడగానే ఏ నెల నుంచి ఏ నెలకు అని అడగాలి.

ఉద్యోగులందరికీ దగ్గరి విషయమొకటి చెబుతాను. మన కరువు భత్యానికి మూలం పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ. లేబర్ బ్యూరో వారు ప్రతి నెలా దీనిని ప్రకటిస్తారు. 2020 ఆగస్టులో ఈ సూచీ 338. మరుసటి నెల, సెప్టెంబరులో, 118. ఒక్క నెలలో దేశంలో ధరలు మూడో వంతుకు పడిపోయాయా? ఇంట్లో కూరగాయలు కొనేవారిని అడిగితే తెలుస్తుంది. జరిగినదేమంటే, అప్పటివరకు 2001ని 100గా తీసుకొన్న సూచీకి బదులు, ఆ సెప్టెంబరు నుంచి 2016ని 100గా తీసుకొన్న కొత్త సూచీ అమలులోకి వచ్చింది. రెంటినీ కలిపే గుణకం 2.88. 118ని 2.88తో గుణిస్తే 339.84. అనగా ధరలు తగ్గలేదు, కొద్దిగా పెరిగాయి.

2017 వేతన సవరణ వర్తించే ప్రభుత్వరంగ సంస్థలలో భత్యానికి ప్రాతిపదిక 277.33. ఇది 2016 సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు సూచీలైన 277, 278, 277ల సగటు. ఆ నెలల సూచీ ఈ ప్రాతిపదిక మీద ఎంత శాతం పెరిగిందన్నదే భత్యపు లెక్క. 2020 సెప్టెంబరు సూచీని గుణకంతో సరిచేసి చూస్తే పెరుగుదల సుమారు 22.5 శాతం. సరిచేయకుండా 118ని అలాగే లెక్కలో వేస్తే భత్యం ఋణ 57 శాతం. జీతంలో సగానికి పైగా మనమే తిరిగి చెల్లించవలసి వచ్చేది! నవ్వుకోవడానికి బాగానే ఉన్నది. కానీ ముడిసరకుల ధరల హెచ్చుతగ్గులకు టోకు ధరల సూచీని జోడించే కాంట్రాక్టులలో ఇదే పొరపాటు జరిగితే ఎవరికీ నవ్వు రాదు. టోకు ధరల సూచీకి కూడా 2017 మేలో ఆధార సంవత్సరం 2004-05 నుంచి 2011-12కు మారింది. పైగా ఆ సూచీ మొదట తాత్కాలికంగా ప్రకటితమై, కొన్ని వారాలకు తుది రూపం ధరిస్తుంది. కాంట్రాక్టులో ఏ ఆధార సంవత్సరం, తాత్కాలిక సూచీయా, తుది సూచీయా అన్నది అక్షరాలా రాసుకోకపోతే, ఆ ఒక్క పదం మీద మధ్యవర్తుల ముందు ఏళ్ల తరబడి నిలబడవలసి వస్తుంది. ఈ విషయంలో నేను ఛాందసుడనన్న పేరు తెచ్చుకున్నాను. దానికి విచారం లేదు.

రాళ్లలో కెల్లా కనబడని రాయి సున్న. ఒక గడిలో 0 ఉంటే లేదని అర్థమా, తెలియదని అర్థమా? వర్షమాపకంలో సున్న అంటే వాన పడలేదని కావచ్చు. ఆనాడు చూసే మనిషి రాలేదనీ కావచ్చు. కొందరు చుక్కలు పెడతారు, కొందరు గీత గీస్తారు, కొందరు ఖాళీగా వదిలివేస్తారు. వాటినన్నిటినీ సున్నలుగా మార్చివేసే సౌకర్యం కంప్యూటరులో ఒక్క మీటతో లభిస్తుంది. ఆ మీట నొక్కేముందు చేయి వెనక్కు తీసుకోవాలని నా సలహా. గుంటూరు మిర్చి యార్డుకు వేసవిలో సెలవులిస్తారు. ఆ రోజులలో రాక సున్న. అది గిరాకీ పడిపోయిన గుర్తు కాదు. 2020 ఏప్రిల్, మే నెలలలో లాక్‌డౌన్ వలన ధరల సేకరణకు సిబ్బంది వెళ్ళలేకపోయారు. జాతీయ గణాంక కార్యాలయం వారు ఆ రెండు నెలల వినియోగ ధరల సూచీలను అంచనా విలువలతో పూరించి, అవి అంచనాలేనని స్పష్టంగా ప్రకటించారు. లోటును దాచకుండా పూరించే మర్యాద అది. మన నివేదికలలో ఎందరం పాటిస్తున్నాం?

దీనికి ఎదురు సమస్య, తప్పులా కనిపించే నిజం. తుఫాను నాటి గాలి వేగం మిగిలిన రోజుల సగటుకు ఎన్నో రెట్లుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకిన నాటి కొలతలను అసాధారణ విలువలని కొట్టివేసినవాడు శుద్ధి చేసినట్లు కాదు, చరిత్రను చెరిపివేసినట్లు. అలాగే 2020 ఏప్రిల్ నెల అమ్మకాలు తప్పు కాదు. కానీ దానిని సాధారణ నెలగా భావించి మరుసటి ఏడాది వృద్ధిరేటును ప్రకటించుకోవడం ఆత్మవంచన. నిజంలా కనిపించే తప్పులు మరొక జాతి. జనగణనలో వయస్సుల పట్టికను గీసి చూడండి. 30, 35, 40, 45 దగ్గర గోపురాలు లేస్తాయి, పక్కన లోయలు. మన దేశంలో అయిదేళ్ళకొకసారే పిల్లలు పుట్టారా? అడిగినప్పుడు "ఓ నలభై ఉంటాయి బాబూ" అని చెప్పే మన అలవాటు అది. వయస్సును బట్టి గిరాకీని అంచనా వేసేవారు అయిదేళ్ల గుంపులుగా తీసుకోవడం అందుకే క్షేమం.

తప్పు దొర్లడం వేరు, తప్పుడు అంకె ఇవ్వడం వేరు. రెండవదానిని పట్టుకోవడానికి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో, దానిని ఇచ్చినవారికి ఏం లాభమో ఆలోచించాలి. ఈ సందర్భంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి ప్రపంచ ప్రఖ్యాత గణాంక శాస్త్రజ్ఞులైన తెలుగువారు సి.ఆర్. రావు గారు తమ గ్రంథంలో వివరించిన ఒక ఉదంతాన్ని తలచుకోవాలి. 1947లో దేశవిభజన నాటి అల్లర్లలో ఢిల్లీలో ఒక వర్గం వారు పెద్ద సంఖ్యలో ఎర్రకోటలో తలదాచుకున్నారు. కొద్దిమంది హుమాయూన్ సమాధి వద్ద చేరారు. వారికి ఆహారం సమకూర్చే బాధ్యతను ప్రభుత్వం కాంట్రాక్టర్లకు అప్పగించింది. లోపల ఎంతమంది ఉన్నారో తెలియదు. కాంట్రాక్టర్లు వేసిన బిల్లులను చెల్లించడమే మార్గం. బిల్లులు మాత్రం విపరీతంగా వస్తున్నాయి. గణాంకవేత్తలను సంప్రదించారు. వారికి కోటలోకి ప్రవేశం లేదు. చేతిలో ఉన్నదల్లా ఆ బిల్లులే.

భారతీయ గణాంక సంస్థకు చెందిన జె.ఎం. సేన్‌గుప్తా ఆ బిల్లుల నుంచే సమాధానం రాబట్టారు. మనిషికి రోజుకు ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు కావాలో వినియోగ సర్వేల నుంచి తెలుసు. బిల్లులోని బియ్యాన్ని తలసరి బియ్యంతో, పప్పును తలసరి పప్పుతో, ఉప్పును తలసరి ఉప్పుతో భాగించారు. కాంట్రాక్టరు నిజాయితీపరుడైతే మూడు భాగఫలాలూ దాదాపు ఒకటే కావాలి. కాలేదు. బియ్యపు లెక్క ప్రకారం జనం అత్యధికం. ఉప్పు లెక్క ప్రకారం అత్యల్పం. చవకైన ఉప్పును ఎక్కువ రాసుకొని ఎవరూ బాగుపడరు. ఖరీదైన బియ్యాన్ని ఎక్కువ రాసుకుంటేనే లాభం. కావున ఉప్పు చెప్పిన సంఖ్యనే నమ్మదగినదిగా స్వీకరించారు. జనం తక్కువగా ఉన్న హుమాయూన్ సమాధి వద్ద ఇదే పద్ధతిని పరీక్షిస్తే అసలు సంఖ్యకు దగ్గరగా వచ్చింది.

ఏ బహిరంగ గణాంకాన్ని చూసినా ఇందులో ఉప్పు ఏది అని వెదకడం నాకు ఆ కథ చదివిన నాటి నుంచి అలవాటైంది. పంపుల సంఖ్య మీద అనుమానం వస్తే వ్యవసాయ విద్యుత్ కనెక్షన్ల సంఖ్యతో సరిచూడవచ్చు. కర్మాగారాల ఉత్పత్తి మీద అనుమానం వస్తే వారి విద్యుత్ వాడకాన్ని చూడవచ్చు. రెండు వేర్వేరు శాఖలు, వేర్వేరు ప్రయోజనాల కోసం, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా సేకరించిన అంకెలు ఒకే మాట చెబితే కొంత ధైర్యం కలుగుతుంది.

శుద్ధి చేయడానికీ, వండి వడ్డించడానికీ మధ్య గీత సన్ననిది. నివేదిక ఎలా ఉండాలో ముందే నిర్ణయించుకొని, దానికి అడ్డువచ్చే అంకెలను మాత్రమే అసాధారణ విలువలుగా గుర్తించే విద్య అన్ని సంస్థలలోనూ ఉన్నది. దానిని అరికట్టడానికి నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే. మూలప్రతిని దింపుకున్న తేదీతో సహా విడిగా భద్రపరచాలి. దానిమీద ఎవరూ చేయి వేయరాదు. శుద్ధి అంతా నకలు మీద జరగాలి. ఏ గడిని, ఏ కారణంతో, ఎవరు మార్చారో ఒక చిట్టాలో రాయాలి. మన విద్యుత్ ఉపకేంద్రాలలో ప్రతి స్విచ్చి మార్పునూ లాగ్‌బుక్కులో రాసినట్లే. మూలప్రతి, చిట్టా రెండూ ఇచ్చి వేరొకరి చేత లెక్క మొదటినుంచి చేయించాలి. ఇద్దరికీ ఒకే సమాధానం వస్తే నివేదికపై సంతకం చేయవచ్చు. సమయం లేదని తొందరపెట్టే పై అధికారులకు, ఆ సేవాకేంద్రం తప్పుచోట కడితే దాని అద్దె ఎన్నేళ్లు చెల్లించాలో లెక్క కట్టి చూపిస్తే సాధారణంగా వారం రోజులు దొరుకుతాయి.

బహిరంగమన్న మాటకు ఒక హద్దున్నది. ఊరిలో ఎన్ని బోర్లున్నాయో తెలుసుకోవడం వేరు, ఏ రైతు ఫోను నంబరు ఏదో పోగుచేయడం వేరు. వ్యక్తుల వివరాలు ఎక్కడో ఒకచోట కనబడుతున్నాయి కదా అని మూటగట్టుకోవడం తగదు. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని ఆమోదించింది. అనుమానం వచ్చినప్పుడు న్యాయ విభాగాన్ని అడగడం శ్రేయస్కరం. ప్రభుత్వ వేదికల నుంచి ప్రోగ్రాము ద్వారా పట్టికలను దింపుకునేటప్పుడు ఆ వేదిక నియమాలను ముందు చదవాలి. ఒక్కసారిగా వేల అభ్యర్థనలతో దానిని ఉక్కిరిబిక్కిరి చేయరాదు. ఊరందరూ తోడుకునే బావి అది.

జనాభా అంకెల విషయంలో ఒక గమనిక. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా తీసుకొని జనగణన జరపడానికి 2025 జూన్ 16న ప్రకటన వెలువడింది. ఆ ఫలితాలు రాగానే 2011తో పోలికలు వెల్లువెత్తుతాయి. పైన చెప్పిన సమన్వయ పట్టికను మన వ్యాపార విభాగం వారు ఇప్పటినుంచే సిద్ధం చేసుకోవడం మంచిదని నా మనవి.

ఇంటిల్లిపాదికీ ఈ మాసపు అభ్యాసం. గత ఇరవై నాలుగు నెలల కరెంటు బిల్లులను తీయండి. యూనిట్లను నెలల వారీగా కాగితం మీద గీయండి. పిమ్మట ప్రతి బిల్లులోనూ గత రీడింగు తేదీ, ఈ రీడింగు తేదీ చూసి మధ్యనున్న రోజులతో యూనిట్లను భాగించి మళ్లీ గీయండి. తలుపు తాళం వేసి ఉన్నందున రీడింగు తీయని నెల ఏదైనా ఉంటే ఆ నెలను, దాని తరువాతి నెలను ఏం చేయాలో మీరే నిర్ణయించి, కారణం ఒక వాక్యంలో రాయండి. రెండు గీతలనూ జతచేసి సంపాదకుల చిరునామాకు పంపండి. పాఠశాల విద్యార్థులు పంపినవాటిలో బాగున్నవాటిని వచ్చే సంచికలో, మోటార్ల బేరింగుల గురించిన వ్యాసంతో పాటు ఇదే పుటలో ప్రచురిస్తాం.